చావు కబురు: మరణ ప్రకటనల్లో కనిపించే సమాజం

‘చావు కబురు చల్లగా చెప్పాడు’ అని తెలుగులో ఒక వాడుక ఉంది. పరుగున వచ్చి చెప్పవలసిన మాటను తీరిగ్గా చెప్పినవాణ్ణి ఎత్తిపొడవడానికి దాన్ని వాడతాం. చావు కబురుకు ఒక వేళ ఉంటుందనీ, ఒక పద్ధతి ఉంటుందనీ, ఆ రెండూ తప్పితే తప్పేననీ ఆ వాడుక చెప్పకనే చెబుతోంది.

కబురు ఆలస్యమైతే ఏం చేయాలో మన ధర్మశాస్త్రాలు లెక్క కూడా కట్టాయి. మనుస్మృతి అయిదో అధ్యాయం ప్రకారం, దూరదేశంలో ఉన్న జ్ఞాతి చనిపోయిన వార్త పది రోజుల లోపల చెవిన పడితే మిగిలిన రోజులు మాత్రమే మైల. పది రోజులు దాటాక తెలిస్తే మూడు రాత్రులు. ఏడాది దాటాక తెలిస్తే స్నానంతో సరి. అంటే మైల మరణంతో మాత్రమే రాదు, దాన్ని విన్న క్షణంతోనూ ముడిపడి ఉంటుంది. వినడమే ఒక బాధ్యతను నెత్తిన పెడుతుంది. మన ప్రాంతంలో మరణ ప్రకటన చేసే మొదటి పని ఇదే. పోయినవారి గురించి ఏమి చెప్పినా చెప్పకపోయినా, ఉన్నవారు ఏం చేయాలో అది తప్పక చెబుతుంది: ఎవరు రావాలి, ఎవరు తలస్నానం చేయాలి, ఎన్నాళ్ళు శుభకార్యాలు మానుకోవాలి, ఏ రోజు భోజనానికి కూర్చోవాలి.

కాబట్టి చరిత్ర విద్యార్థి మరణ ప్రకటనను పోయినవారి జీవితచరిత్రగా చదివితే దొరికేది తక్కువ. బతికి ఉన్నవారి మధ్య ఉన్న ఏర్పాటుకు అద్దంగా చదివితే చాలా దొరుకుతుంది.

ముందుగా క్రియాపదం సంగతి చూద్దాం. తెలుగులో ‘చచ్చు’, తమిళంలో ‘సెత్తాన్’, కన్నడంలో ‘సత్త’, మలయాళంలో ‘చత్తు’ అన్నీ ఒకే ద్రావిడ ధాతువు పిల్లలు. ఒకప్పుడు ఎవరికైనా వాడగలిగిన మాట ఇది. ఇప్పుడు మనిషిని పట్టుకుని ‘చచ్చాడు’ అంటే తిట్టు. మలయాళంలో ‘చత్తు’ అనేది పశువులకు. విచిత్రమేమంటే తెలుగులో ‘చావు’ అనే నామవాచకం పెద్దగా చెడలేదు. చావు ఇల్లు, చావు కబురు అంటాం, ఎవరూ నొచ్చుకోరు. క్రియ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కకు తప్పుకుంటాం. మనం అతి మామూలుగా వాడే ‘చనిపోయాడు’ కూడా ఒక తప్పించుకునే మాటే. ‘చను’ అంటే వెళ్ళు. చనిపోవడమంటే వెళ్ళిపోవడం. అది అరిగిపోయి సూటి మాటలా వినబడడం మొదలయ్యాక, దాని మీద మళ్ళీ కొత్త ముసుగులు వేశాం: కన్నుమూశారు, గతించారు, కాలం చేశారు, తుదిశ్వాస విడిచారు.

ఈ ముసుగులు అందరికీ ఒకటి కావు. వైష్ణవుల ఇంట ‘పరమపదించారు’, శైవుల ఇంట ‘శివసాయుజ్యం పొందారు’, లింగాయతుల ఇంట ‘లింగైక్యం చెందారు’, సన్న్యాసి అయితే ‘సిద్ధి పొందారు’. క్రైస్తవ కుటుంబం ‘ప్రభువునందు నిద్రించారు’ అని అచ్చు వేయిస్తుంది. హైదరాబాదు ఉర్దూ పత్రికల్లో ‘ఇంతెఖాల్’ అనే శీర్షిక కింద జనాజా నమాజు ఏ మసీదులో, ఖననం ఏ శ్మశానంలో అన్నది ఉంటుంది; పోయినవారు ‘మర్హూమ్’ అవుతారు, అంటే దైవకరుణ పొందినవారు. కమ్యూనిస్టు కార్యకర్త ‘అమరుడు’ అవుతాడు. కర్మకాండ పిలుపులో ‘వైకుంఠ సమారాధన’ అని ఉందా, ‘కైలాస సమారాధన’ అని ఉందా అన్న ఒక్క మాటతో ఆ ఇంటి సంప్రదాయం తెలిసిపోతుంది. పేరు, ఇంటిపేరు చెరిపేసి ఒక్క క్రియాపదాన్ని ఉంచినా, ఆ కుటుంబం ఏ గుడికి, ఏ చర్చికి, ఏ మసీదుకు, ఏ పార్టీ ఆఫీసుకు వెళుతుందో చాలావరకు చెప్పవచ్చు.

ఈ పద్ధతికి వయసు తక్కువేమీ కాదు. కృష్ణా తీరాన నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి ఛాయా స్తంభాలు దొరికాయి. ఇవి మృతుల స్మారకాలు. రాజవంశీకులకే కాక సైనికులకు, చేతిపనివారికి కూడా నిలిపారు. క్రీ.శ. 3వ శతాబ్దికి చెందిన శాంతమూల మహారాజు స్మారక స్తంభాన్ని ఆయన కుమారుడు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో రాజుగారి తల్లులు, అక్కచెల్లెళ్ళు, రాణులు కలిసి వేయించారు. దాని ప్రాకృత శాసనం ఆయన్ను స్వర్గానికి వెళ్ళినవాడని పేర్కొంటుంది. ఇప్పుడు మన వీధి గోడమీద కనిపించే ‘స్వర్గస్థులైనారు’ అనే మాటకు ఈ నేలమీద 1,700 ఏళ్ళ పూర్వీకులు ఉన్నారన్నమాట. ఆ శాసనంలో గమనించవలసింది ఇంకొకటి ఉంది: ప్రకటన వేసింది ఎవరు అన్న సంగతి ప్రకటనలోనే ఉండడం. నేటి పత్రికా ప్రకటన అడుగున ‘దుఃఖతప్త కుటుంబసభ్యులు’ అని వచ్చే జాబితా చేసేది కూడా ఆ పనే.

కర్ణాటకలోని శ్రవణబెళగొళలో చిన్న కొండ మీద క్రీ.శ. 600 ప్రాంతం నుంచి మొదలైన జైన శాసనాలు ఉన్నాయి. ఉపవాస వ్రతంతో దేహం చాలించిన మునుల గురించి, ఆర్యికల గురించి అవి చెప్పే మాట ‘ముడిపిదర్’. ముగించారు అని అర్థం. మరణం వారికి జరిగిన సంఘటన కాదు, వారు పూర్తి చేసిన పని. రాయలసీమలోని తొలి తెలుగు వీరగల్లుల్లో వీరుడు పోరాడి ‘పడియె’, అంటే పడ్డాడు. ఒకరు ముగించారు, మరొకరు పడ్డారు. ఆ రెండు సమాజాలు దేన్ని గొప్ప చావుగా ఎంచాయో ఈ రెండు క్రియలే చెబుతాయి.

వీరగల్లుల్లో ఒకదాని గురించి చెప్పకుండా ముందుకు పోలేను. మండ్య జిల్లా ఆతకూరులో 10వ శతాబ్ది మధ్య నాటి రాయి ఒకటి దొరికింది. గంగరాజు బూతుగుడి దగ్గర మణలేరుడు అనే యోధుడు పరాక్రమానికి బహుమానంగా ‘కాళి’ అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో తలపడింది, రెండూ చచ్చాయి. మణలేరుడు కుక్కకు రాయి నిలిపి, దాని పూజకు భూమి కూడా ఏర్పాటు చేశాడు. ఒక కుక్క మరణం వెయ్యేళ్ళు దాటినా మనకు తెలుసు. అదే కాలంలో ఆ ఊరి పొలాల్లో పనిచేసిన మనుషుల్లో ఒక్కరి మరణమైనా మనకు తెలియదు. ఏ మరణం ప్రకటనకు తగినది అన్నది ఎప్పుడూ అధికారం ఉన్నవారు తేల్చిన విషయమే.

ఈ తేడాను భాషలోనే అంతస్తులుగా కట్టుకున్న చోటు కేరళ. మామూలు మనిషి పత్రికలో ‘నిర్యాతనాయి’, కొంచెం పేరున్నవారు ‘అంతరిచ్చు’. బిషప్పు అయితే ‘కాలం చెయ్తు’. తిరువాన్కూరు రాజు అయితే ‘నాడునీంగి’, అంటే నాడు విడిచి తరలాడు. కొచ్చి రాజు అయితే ‘తీప్పెట్టు’, అంటే అగ్నికి చెందాడు. రాజ్యాలు 1949లో కలిసిపోయాయి, రాజభరణాలు 1971లో పోయాయి. అయినా 2013లో తిరువాన్కూరు రాజకుటుంబ పెద్ద ఉత్రాడం తిరునాళ్ మరణించినప్పుడు ‘నాడునీంగి’ అనే శీర్షికలే వచ్చాయి. చట్టం తీసేసిన సింహాసనాన్ని వ్యాకరణం దాచిపెట్టింది. శ్రీలంకలోనూ బౌద్ధ భిక్షువు మరణానికి ‘అపవత్’ అనే ప్రత్యేకమైన మాట ఉంది, గృహస్థుకు దాన్ని వాడరు. బెంగాలీ హిందువులు మాట దాకా కూడా పోరు. పోయినవారి పేరు ముందు ఒక చంద్రబిందువు పెడతారు, చదివేవారికి అర్థమైపోతుంది.

దీనికి ఎదురు తిరిగిన ప్రయత్నం తమిళనాట కనిపిస్తుంది. శివపదవి, వైకుంఠపదవి అనే మాటలను ద్రావిడ ఉద్యమ నాస్తికులు పక్కకు నెట్టి ‘ఇయఱ్కై ఎయ్దినార్’ అనే మాటను వాడుకలోకి తెచ్చారు. ప్రకృతిని చేరారు అని అర్థం. దేవుణ్ణి తీసేసినా గౌరవం మిగలాలి, మతం లేనివాడికి కూడా మర్యాదైన క్రియాపదం కావాలి అన్నది వారి పట్టు. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. పెళ్ళి మంత్రాలు మార్చడం కన్నా చావు మాట మార్చడం కష్టం. ఎందుకంటే ఆ ప్రకటన రాసే రోజున ఇంట్లో వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇప్పటివరకు మాట గురించి చెప్పుకున్నాం. ఆ మాటను మోసినవాళ్ళ సంగతి చూడాలి. టపా, తంతి రాకముందు కబురు కాళ్ళమీద నడిచేది. ఆ కాళ్ళు ఎవరివి?

డాక్టర్ అంబేద్కర్ తన రచనల్లో ఊరి అస్పృశ్యులమీద మోపిన విధులను వరసగా చెబుతూ ఈ పనిని ప్రత్యేకంగా పేర్కొన్నారు. హిందువుల ఇంట మరణం సంభవిస్తే, ఇతర గ్రామాల్లోని వారి బంధువులకు, ఆ గ్రామాలు ఎంత దూరమైనా సరే, కబురు చేరవేయవలసింది వారే. మహారాష్ట్రలో మహార్లకు ఇది వతన్ అనే వంశపారంపర్య సేవలో భాగం. చేతికి వచ్చేది కొద్దిపాటి ఇనాం భూమి, ఊరివాళ్ళు పెట్టే గింజలు. బదులుగా రాత్రీపగలూ తేడా లేకుండా పిలిస్తే కదలాలి, ఒకరు ఇంట్లో లేకపోతే ఆ ఇంట్లో ఇంకొకరు పోవాలి. ఈ కట్టును విప్పడానికి అంబేద్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో సవరణ బిల్లు ప్రవేశపెట్టారు. వతన్లు రద్దయ్యే చట్టం రావడానికి 1958 దాకా పట్టింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళయింది. తమిళనాడు పల్లెల్లో దీన్ని ‘కేదం సొల్లుదల్’ అంటారు, చావు చెప్పడం అని. పఱై మోగించేవారే అక్కడా ఈ పని చేయవలసి వచ్చేది. నిజాం కాలపు తెలంగాణలో మాల, మాదిగలు చేసిన వెట్టిలో కబుర్లు మోయడం ఒకటి. ఊళ్ళో చావు డప్పు కొట్టవలసింది మాదిగలే.

ఇందులో ఉన్న వైపరీత్యం ఆలోచించండి. ముట్టుకుంటే మైల అన్న మనిషి తెచ్చిన మాట విని, ఆ మాట వల్ల మైలపడి, ఇంటివారు స్నానానికి లేచేవారు. మైలను మోసే పని మైలమనిషిదే కావాలన్న తర్కం అది. కబురు తెచ్చినవాడు గడప బయటే నిలబడి చెప్పాలి. అతని సొంత వాడలో చావు జరిగితే ఆ కబురు మోయడానికి ఊరు మనిషిని ఇవ్వదు, ఇంట్లోవాళ్ళే బయలుదేరాలి. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను, 23వ అధికరణం వెట్టిని నిషేధించాయి. ఆ తర్వాత కూడా చావు డప్పు కొట్టబోమని నిరాకరించిన వాడలకు ఊళ్ళో పని, దారి, సరుకు ఆపేసిన సంఘటనలు దక్షిణాది రాష్ట్రాల్లో జరిగాయి. అదే డప్పును దళిత ఉద్యమాలు సభావేదికల మీదికి ఎక్కించి ఆత్మగౌరవ వాద్యంగా నిలిపాయి. తాతలు ఇతరుల చావు కబుర్లు మోసిన కుటుంబాలు ఇప్పుడు కూడలిలో తమ పెద్దల ఫొటోతో ‘అశ్రునివాళి’ ఫ్లెక్సీ కట్టుకుంటున్నాయి. ఫ్లెక్సీలు ఊరికి అందం కావని విసుక్కునేవారు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

కాళ్ళ స్థానంలోకి టపా వచ్చాక కొత్త మర్యాదలు పుట్టాయి. శుభలేఖ మూలలకు పసుపు రాస్తాం. ఉత్తరాదిన చావు కార్డుకు ఒక మూల చింపి పంపేవారు. చదువు రాకపోయినా, చింపిన మూల చూడగానే విషయం తెలిసేది. మన దగ్గర పైన ‘అశుభం’ అని రాసేవారు. అలాంటి ఉత్తరాన్ని ఇంట్లో ఉంచుకోరు, చదివి చించేస్తారు. పెళ్ళి పత్రికలు పాత పెట్టెల్లో ఇప్పటికీ దొరుకుతాయి, చావు కార్డులు దాదాపు దొరకవు. సమాజం కావాలనే చెరిపేసిన ఆధారం ఇది. తంతిలో ‘తల్లి సీరియస్, వెంటనే బయలుదేరు’ అని వస్తే అర్థం సాధారణంగా వేరే ఉండేది. ఇంటికి చేరేదాకా కొడుకు దారిలో కూలిపోకూడదని పంపినవారు ఆడిన అబద్ధం అది. అందుకున్నవాడికీ అది తెలుసు. 2013 జులైలో తంతి సేవ ముగిసింది. ‘సీరియస్’ అనే మాట మాత్రం ఫోనులో అదే పని చేస్తూనే ఉంది.

అచ్చు పత్రికల విషయంలో అందరికన్నా పద్ధతిగా సాగినవారు బొంబాయి గుజరాతీలు, పార్సీలు. 1822లో ఫర్దూన్‌జీ మర్జ్‌బాన్ ప్రారంభించిన ‘ముంబయి సమాచార్’ ఆసియాలో నేటికీ వెలువడుతున్న పత్రికలన్నింటికన్నా పాతది. అందులోని ‘మరణ్ నోంధ్’ పేజీని ముందు తిరగేసి తర్వాత మిగతా పత్రిక చదివే ఇళ్ళు ఉన్నాయి. గుజరాతీ ప్రకటనకు ఒక కట్టుబడి ఉంది: ముందు మూలగ్రామం, తర్వాత ‘ప్రస్తుతం ముంబయి’, ఆ తర్వాత పోయినవారు ఎవరికి భార్య, ఎవరికి తల్లి, ఎవరికి వదిన. వివాహిత పోతే పుట్టింటివారి పేర్లు కూడా విడిగా ఇస్తారు. చివర పరామర్శకు కూర్చునే చోటు, వేళ. చాలాసార్లు ‘లౌకిక వ్యవహారం బంద్’ అన్న ఒక పంక్తి. అంటే పరామర్శకు వచ్చేవారు తేవలసిన ఇచ్చిపుచ్చుకోళ్ళు వద్దు అని. ఖర్చుల ఆచారాన్ని తగ్గించాలన్న సంస్కరణ, ఉపన్యాసాలతో అయ్యే పని కాదనుకున్నది, ఒక్క పంక్తి ప్రకటనగా ఇంటింటా స్థిరపడింది.

స్త్రీల పేర్ల ముందున్న సంకేతాలను కూడా ఇక్కడే చదవాలి. మరాఠీలో ‘గం.భా.’, గుజరాతీలో ‘గం.స్వ.’ అంటే వితంతువు. గంగా భాగీరథి వంటిది, గంగా స్వరూపిణి అని విస్తరణ. పాత తెలుగు ఉత్తరాల్లోనూ దస్తావేజుల్లోనూ ‘గంగాభాగీరథీ సమానురాలు’ అని ఉంటుంది. మగవాడికి ఇలాంటి గుర్తు లేదు. భార్య పోయినవాడు మునుపటిలాగే ‘శ్రీ’. మన ఊళ్ళలో ఆడమనిషి చావు చెప్పేటప్పుడు ‘పసుపు కుంకుమలతో పోయింది’ అనడం మెచ్చుకోలు. ఆమె తన భర్తకన్నా ముందు పోవడమే ఆమె సాధించినదని ఆ మాట అంటోంది. 2023 ఏప్రిల్లో మహారాష్ట్రలో ఒక మంత్రి వితంతువులను అధికారికంగా ‘గంగా భాగీరథి’ అని వ్యవహరిద్దామని ప్రతిపాదిస్తే మహిళా సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. గౌరవ వాచకమైనా సరే, భర్త చావును స్త్రీ పేరుకు ఎందుకు తగిలించాలన్నది వారి ప్రశ్న.

మూలగ్రామం, ప్రస్తుత నివాసం అనే జంటను శ్రీలంక తమిళుల ప్రకటనల్లో చూస్తే ఒక యుద్ధ చరిత్రే కనబడుతుంది. శ్రీలంక రేడియో తమిళ సేవలో ‘మరణ అఱివిత్తల్’ అనే ప్రకటనలు ఏళ్ళ తరబడి వచ్చాయి. ఫలానా ఊరు పుట్టుకచోటుగా, ఫలానా ఊరు నివాసంగా గల ఫలానావారు అని మొదలై, భర్త, పిల్లలు, అల్లుళ్ళు, తోబుట్టువులు వరుసగా వస్తారు. మొదట్లో రెండు ఊర్లూ ద్వీపంలోనివే, జాఫ్నా దగ్గరి పల్లె, కొలంబో పేట. 1983 జులై హింసాకాండ తర్వాత లక్షలమంది దేశం విడిచారు. పుట్టుకచోటు అదే పల్లెగా ఉండిపోయింది. నివాసం మాత్రం టొరంటో, లండన్, పారిస్ అయింది. పిల్లల జాబితాలో ఒక్కొక్కరి పేరు పక్కన ఒక్కో దేశం. ఇళ్ళు కూలిపోయి, ఖాళీ అయిన పల్లెల పేర్లు మరణ ప్రకటనల్లో బతికాయి.

బంగ్లాదేశ్ పట్టణాల్లో రిక్షాకు కట్టిన మైకులో ‘ఏక్‌టి శోక్ సంబాద్’ అని మొదలయ్యే ప్రకటన పేట పేటకూ తిరుగుతుంది. అచ్చుకన్నా గొంతుకే నమ్మకం ఎక్కువ ఉన్న చోట్ల ఈ పద్ధతి పోలేదు.

చివరిగా, ఈ ప్రకటనలు ప్రభుత్వ లెక్కలకు ఎదురుగా సాక్ష్యం చెప్పిన ఒక సందర్భం. మన దేశంలో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ప్రతి మరణాన్నీ 21 రోజుల లోపల నమోదు చేయించాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో ఉధృతి వచ్చినప్పుడు గుజరాతీ దినపత్రికల్లో మరణ ప్రకటనల పేజీలు ఒకటి రెండు నుంచి అనేకం అయ్యాయి. ఊళ్ళో ఏదో జరుగుతోందని పాఠకులకు ఆ పేజీల మందం చెప్పింది. మే నెలలో ‘దివ్య భాస్కర్’ పత్రిక నమోదు కార్యాలయాల లెక్కలు సేకరించి ప్రచురించింది: మార్చి 1 నుంచి మే 10 వరకు రాష్ట్రంలో ఇచ్చిన మరణ ధ్రువపత్రాలు సుమారు 1.23 లక్షలు, అంతకుముందు ఏడాది అదే కాలంలో సుమారు 58 వేలు. ఆ రోజుల్లో ప్రభుత్వం చెప్పిన కోవిడ్ మరణాలు నాలుగు వేల పైచిలుకు. ధ్రువపత్రాల సంఖ్యను మరణాల సంఖ్యగా చూడడం సరికాదని ప్రభుత్వం వాదించింది. ఒక్కో మరణానికి కారణం ఏమిటో ప్రకటనల్లో ఉండదు, కాబట్టి చరిత్రకారుడు ఆ పేజీలను రిజిస్టరుతో కలిపే చదవాలి. పత్రికలో ఫొటో వేయించే ఆనవాయితీ లేని కుటుంబాల మరణాలు, ముఖ్యంగా సూరత్, అహ్మదాబాదు మిల్లుల్లో పనిచేసే వలస కూలీలవి, ఆ పేజీల్లో కనబడవు. వాటికోసం మునిసిపాలిటీ రిజిస్టర్లనూ, శ్మశానాల రసీదు పుస్తకాలనూ, వారు బయలుదేరి వచ్చిన ఒడిశా, బీహారు పల్లెల పంచాయతీ పుస్తకాలనూ తెరవాలి.